పడవ మోటారు జరిపినప్పుడు

(నిరంతర విద్యా కేంద్రంలో చదివి వినిపించడానికి రాసిన ప్రసంగం)



దాచేపల్లిలో మోటారు అనగానే బోరు మోటారే గుర్తుకొస్తుంది. మిరపతోటకు తడి పెట్టే మోటారు. ఈరోజు ప్రసంగం ఆ మోటారు గురించి కాదు. పడవ వెనక తగిలించే మోటారు గురించి. పత్తి, మిరప పండే ఊళ్లో పడవ సంగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడగవలసిన మాటే.

దాచేపల్లిని ఆనుకుని నాగులేరు పారుతుంది. అది పోయి కృష్ణలో కలుస్తుంది. పొందుగుల దగ్గర కృష్ణ మీద వంతెన ఉంది. వంతెన దాటితే వాడపల్లి, నల్గొండ జిల్లా. తంగెడకు ఎదురుగా అవతలి ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి గుడి. వంతెనలు లేని రోజుల్లో మనిషి దాటాలన్నా, గొడ్డు దాటాలన్నా, పెళ్లివారు దాటాలన్నా పుట్టి, నాటు పడవ, బల్లకట్టు. ఈ మూడే దిక్కు. దిగువన గోవిందాపురం, మాదిపాడు రేవుల పేరు చెబితే బల్లకట్టే గుర్తుకొస్తుంది.

2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైంది. దానికి ఇంజనీరు కె.ఎల్. రావు పేరు పెట్టారు. నిండుగా ఉంటే అందులో 45.77 టి.ఎం.సి.ల నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు వెనక్కి పరచుకున్న చోటల్లా ఏరు వెడల్పయింది. లోతు కూడా పెరిగింది. ఇదివరకు గడకర్రకు నేల తగిలే చోట ఇప్పుడు తగలదు. గడకర్ర అందకపోతే తెడ్డు. తెడ్డుకు చేతుల సత్తువ చాలకపోతే మోటారు.

ఈ మోటారును ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. పడవ లోపల కాకుండా, బయట, వెనక పలకకు తగిలిస్తారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్కు 1909లో ఇలాంటి మోటార్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. దాని వెనక ఒక కథ చెబుతారు. ఎండాకాలం ఒకరోజు ఆయన స్నేహితులతో చెరువులో పడవ మీద పోయాడట. ఒకమ్మాయి ఐస్‌క్రీం కావాలంది. ఆయన తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు పోయి తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి అది కరిగి నీళ్లయింది. అప్పుడే మోటారు ఆలోచన వచ్చిందంటారు. ఆ అమ్మాయినే తర్వాత పెళ్లి చేసుకున్నాడు. కథ ఎంత నిజమో గాని, తెడ్డు వేసేవాడి చేతుల నొప్పి మాత్రం నిజం.

మోటారు అడుగున పంకా ఉంటుంది. పంకా నీళ్లను వెనక్కి తోస్తుంది. పడవ ముందుకు పోతుంది. మరి పడవ పక్కకు తిరగాలంటే? చిన్న మోటారుకు ఒక పిడి ఉంటుంది. మనిషి వెనక కూర్చుని ఆ పిడి పట్టుకుంటాడు. పిడిని ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. కుడికి తోస్తే ఎడమకు తిరుగుతుంది. కొత్తవాడికి ఇదే మొదటి తికమక. బండి తోలిన అలవాటుతో పిడి తిప్పితే పడవ పోయి రాయికి గుద్దుకుంటుంది.

ఎనిమిది, పది హార్స్ పవర్ మోటారుకు పిడి చాలు. సూర్యలంకలోనో, నిజాంపట్నంలోనో వేటకు పోయే చిన్న పడవకు అంతకంటే అక్కర్లేదు. మోటారు పెద్దదయ్యేకొద్దీ కష్టం మొదలవుతుంది. పంకా ఒకే వైపు గిర్రున తిరుగుతుంది కాబట్టి మోటారు కూడా ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. ఆ లాగుడును మనిషి చేయి ఆపాలి. పది నిమిషాలైతే పరవాలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అయితే భుజం పట్టేస్తుంది. ఏ మొద్దో తగిలి పిడి చేతిలోంచి జారిందా, మోటారు తనంతట తాను తిరిగిపోతుంది. పడవ గిరగిరా సుడి కొడుతుంది. అంచున కూర్చున్న మనిషి నీళ్లలో పడతాడు. ఆ పడవే తిరిగి వచ్చి అతని మీద పడొచ్చు. అందుకే మోటారుకు ఒక ఎర్ర తాడు ఇస్తారు. దాని కొస నడిపే మనిషి నడుముకో, మణికట్టుకో కట్టుకోవాలి. మనిషి పడితే తాడు ఊడుతుంది, మోటారు ఆగిపోతుంది. చాలా పడవల్లో ఆ తాడు సంచీలోనే ఉంటుంది. ఇంత చవకైన ప్రాణరక్షణ ఇంకోటి లేదు. దాన్నే సంచీలో దాస్తారు.

ఇక చక్రం సంగతి. నాగార్జునకొండ చూడడానికి పోయినవారు లాంచీలో చక్రం చూసే ఉంటారు. సరంగు ముందు నిలబడి చక్రం తిప్పుతాడు. చక్రాన్ని కుడికి తిప్పితే లాంచీ కుడికే పోతుంది. మోటారు పెట్టిన పడవకు కూడా అలాంటి చక్రం పెట్టొచ్చు. ఇనుప తీగ కేబులుతో పెట్టేది ఒక పద్ధతి. అది చవక. కాని పెద్ద మోటారుకు కేబులు బిగుసుకుంటుంది. మోటారు లాగుడు కూడా చక్రం మీదికి వస్తుంది. రెండో పద్ధతి నూనెతో నడిచేది. దాన్ని హైడ్రాలిక్ స్టీరింగ్ అంటారు.

హైడ్రాలిక్ అన్న మాట పల్నాడులో ఎవరికీ కొత్త కాదు. ట్రాక్టరు వెనక నాగలిని పైకెత్తేది హైడ్రాలిక్కే. సున్నపురాయి దించే టిప్పరు లారీ తొట్టి లేచేది కూడా దానితోనే. పత్తి మిల్లులో వదులు దూదిని నొక్కి నొక్కి 170 కిలోల బేలు చేసే ప్రెస్సు కూడా అదే జాతి. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1795లో ఇలాంటి ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. దాని వెనక ఉన్న సూత్రం ఇంకా పాతది. ఫ్రాన్సు దేశపు పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు.

ఆ సూత్రం తేలికే. మూసిన గొట్టంలో నూనె ఉంది. ఒక కొసన నొక్కారు. నూనె గాలిలాగా కుంచించుకుపోదు. అందువల్ల ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. ఈ కొసన ఉన్న పిస్టను ముఖం ఒక చదరపు అంగుళం అనుకోండి. ఆ కొసన ఉన్నది పది చదరపు అంగుళాలు. ఇక్కడ 5 కిలోల బలం పెడితే అక్కడ 50 కిలోల బలం వస్తుంది. అయితే ఊరికే రాదు. చిన్న పిస్టను పది అంగుళాలు కదిలితే పెద్దది ఒక్క అంగుళం కదులుతుంది. లారీ జాకీ కొట్టిన వారికి ఈ లెక్క పలక మీద చెప్పక్కర్లేదు. నలభైసార్లు కొడితే లారీ నాలుగు వేళ్లు లేస్తుంది.

పడవలోనూ అంతే. చక్రం వెనక చిన్న పంపు ఉంటుంది. దాని నుంచి రెండు గొట్టాలు వెనక్కి పోతాయి. మోటారు దగ్గర ఒక సిలిండరు ఉంటుంది. చక్రం కుడికి తిప్పితే నూనె ఒక గొట్టంలో పోయి మోటారును ఒక వైపుకు తోస్తుంది. ఎడమకు తిప్పితే రెండో గొట్టంలో పోతుంది. చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగైదు చుట్లు తిరగాలి. ఇంకో మేలు ఉంది. పంపులో ఒక కవాటం ఉంటుంది. చక్రం తిప్పకపోతే అది నూనెను కదలనివ్వదు. అంటే మోటారు లాగినా చక్రం తిరగదు. భుజానికి విశ్రాంతి. అలాగని చక్రం వదిలేసి బీడీ ముట్టించుకోవచ్చని కాదు.

ఇంతవరకు బాగానే ఉంది. చక్రం తెచ్చి బిగిస్తే అయిపోయిందనుకుంటారు. కాని చాలాసార్లు ముందు మోటారునే ఉన్నచోటి నుంచి జరపాల్సి వస్తుంది. ఎందుకో తెలియాలంటే ఒక పడవను ఊహించుకోవాలి.

కృష్ణ ఒడ్డున ఒక రేవు అనుకోండి. అక్కడ ఒక మావ, ఒక అల్లుడు. పేర్లు అక్కర్లేదు. మావకు యాభై దాటాయి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చాడు. అల్లుడు లారీ షెడ్డులో పని చేస్తాడు. మావకు ఒక ఫైబరు పడవ, 40 హార్స్ పవర్ మోటారు ఉన్నాయి. మిరపకోత రోజుల్లో పొద్దున కూలీలను అవతలి ఒడ్డు తోటలకు చేరుస్తాడు. సాయంత్రం తీసుకొస్తాడు. ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్లు. రెండేళ్లుగా మావకు కుడి భుజం పైకి లేవడం లేదు. మార్చిలో పడమటి గాలి కొట్టినప్పుడు ఒకసారి పిడి జారింది. పడవ అడ్డం తిరిగింది. ఎవరూ పడలేదు. ఆ రాత్రి మావకు నిద్ర పట్టలేదు.

అల్లుడు సామాను తెచ్చాడు. ముందు మావ చేత పెట్టె మీది అక్షరాలు చదివించాడు. ఎన్ని హార్స్ పవర్ మోటారు దాకా పనికొస్తుందో పెట్టె మీద రాసి ఉంటుంది. పడవ మీద కూడా ఒక రేకు ఉండాలి. ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత పెద్ద మోటారు పెట్టొచ్చు అని ఆ రేకు చెబుతుంది. మోటారు పుస్తకం కూడా చూడాలి. పిడి మోటార్లన్నీ చక్రానికి ఒప్పుకోవు. కొన్నిటికి పిడి తీసేసి, గేరుకూ, వేగానికీ వేరే కేబుళ్లు, ముందు వైపు ఒక పెట్టె అమర్చాలి.

తర్వాత సిలిండరును ఊరికే ఆనించి చూశారు. బోల్టులు బిగించలేదు. ఇలా ఆనించి చూడడం మంచి అలవాటు. కొలిచి కోసేవాడికి ఒక పలక, కోసి కొలిచేవాడికి రెండు పలకలు అని వడ్రంగి అంటాడు. ఈ రకం సిలిండరు మోటారుకు ముందు పక్కన, వెనక పలకకు దగ్గరగా అడ్డంగా కూర్చుంటుంది. మధ్యలోని కడ్డీ కదలదు. సిలిండరే కడ్డీ మీద ఇటూ అటూ జరుగుతుంది. దానితో గొట్టాలూ జరుగుతాయి. కాబట్టి రెండు పక్కలా చోటు కావాలి. ఒడ్డుకు రాగానే పంకా ఇసుకకు తగలకుండా మోటారును పైకి ఎత్తుతారు కదా, అప్పుడు సిలిండరు కూడా మోటారుతోపాటు తిరిగి పడవలోకి వంగుతుంది. అప్పుడూ చోటు కావాలి. అందుకని నాలుగు విధాలా చూడాలి. మోటారు దించి పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు. మోటారు ఎత్తి పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు. దించి చూసి సరిపోయిందని బిగించేవారే ఎక్కువ. మొదటిసారి రేవులో మోటారు ఎత్తగానే గొట్టం పలకకు పడి నలుగుతుంది. నూనె కారుతుంది.

మావ పడవలో రెండు చోట్ల తగిలింది. ఎడమకు తిప్పితే సిలిండరు పక్క గోడకు ఆనింది. ఎత్తితే పలక పై అంచుకు గీసుకుంది.

"ఇదేందిరా, మోటారు మధ్యలో లేదు?" అన్నాడు అల్లుడి వెంట వచ్చిన మేస్త్రీ.

అప్పుడు మావకు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కింద మోటారు బిగించేటప్పుడు పిడి పట్టుకునే మనిషి కూర్చోడానికి చోటు కావాలని రెండంగుళాలు ఎడమ పక్కకు పెట్టించాడు. ఇప్పుడు మనిషి అక్కడ కూర్చోడు. చక్రం దగ్గర ఉంటాడు. కాబట్టి మోటారును మధ్యకు తేవాలి. పై అంచుకు తగలకుండా ఒక బెజ్జం ఎత్తు కూడా పెంచాలి. మోటారు పట్టీలో బెజ్జాలు ఒకదానికొకటి ముప్పావు అంగుళం ఎడంగా ఉంటాయి.

ముప్పావు అంగుళం ఎంత! చిటికెన వేలెడు. కాని నీళ్లకు అది చిన్నది కాదు. మోటారు కాలి మీద, పంకాకు పైన ఒక చదును రేకు ఉంటుంది. ఆ రేకు దాదాపు పడవ అడుగు మట్టానికి ఉండాలి. మరీ పైకి పోతే వంపు తిరిగేటప్పుడు పంకాకు నీళ్లకు బదులు గాలి దొరుకుతుంది. మోటారు అరుస్తుంది, పడవ కదలదు. మరీ కిందికి పోతే నీళ్లు ఎగజిమ్ముతాయి, పెట్రోలు తాగుతుంది. కొలిచి చూస్తే మావ మోటారు ముందే కొంచెం కిందికి ఉంది. ఎత్తితే మేలే.

ఇంకో దారి కూడా ఉంది. మధ్యలో ఇనుప పట్టా పెట్టి మోటారును వెనక్కి జరపొచ్చు. అప్పుడు ముందు చోటు వస్తుంది. కాని బరువు పలకకు దూరమవుతుంది. చేయి చాపి బిందె మోస్తే ఎలా ఉంటుందో పలకకు అలా ఉంటుంది. పడవ ముక్కు కూడా లేస్తుంది. పాత పడవకు ఆ పని పెట్టకపోవడమే మంచిదని మేస్త్రీ అన్నాడు. ఆ మాట ఎంత పెద్దదో మర్నాడు తెలిసింది.

మర్నాడు పడవను గట్టు మీదికి లాగారు. బ్యాటరీ వైర్లు తీశారు. పెట్రోలు గొట్టం విప్పారు. మూడు దుంగలు కట్టి, వాటికి చైన్ పుల్లీ వేశారు. ఆ మోటారు దాదాపు క్వింటాలు ఉంటుంది. అంటే రెండు మిర్చి టిక్కీలకు పైమాటే. ఇద్దరు ముగ్గురు పట్టుకుని ఎత్తుదామని మావ అన్నాడు. అల్లుడు ఒప్పుకోలేదు. టిక్కీ జారితే పగిలేది సంచి. మోటారు జారితే పగిలేది కాలు. నట్లు విప్పారు. మోటారు మెల్లగా లేచింది. దాని కింద ఎవరినీ నిలబడనివ్వలేదు. నిలువుగానే మోసుకుపోయి దుంగకు బిగించారు.

పాత బోల్టు లాగితే దాని వెంట నల్లటి తడి పొడి వచ్చింది.

మేస్త్రీ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. తర్వాత చిన్న సుత్తితో పలక మీద కొట్టుకుంటూ పోయాడు. అంచుల దగ్గర టక్ టక్ మంది. మధ్యలో, బోల్టుల చుట్టూ డొబ్ డొబ్ మంది. పుచ్చిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు.

ఫైబరు పడవ వెనక పలక అంతా ఫైబరు కాదు. రెండు వైపులా ఫైబరు పొర. మధ్యలో ప్లైవుడ్డు చెక్క. పైన ఎంత నిగనిగలాడినా లోపల చెక్కే బరువు మోస్తుంది. బోల్టు బెజ్జం చుట్టూ సీలెంటు సరిగా పెట్టకపోతే చుక్క చుక్కగా నీళ్లు దిగుతాయి. ఏళ్లు గడిస్తే చెక్క చివుకుతుంది. పైకి ఏమీ కనిపించదు. పడవ కొనేటప్పుడు రంగు చూసి, మోటారు చప్పుడు విని కొనేవారు ఈ పలకను ఒక్కసారి తట్టి చూడరు. మోటారును చేత్తో ఊపి, పలక కదులుతుందేమో చూడరు.

మావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇంకో నెల మిరపకోత ఉంది. ఈ నెల గడిస్తే చాలురా. బెజ్జాల్లో మందు కూరి బిగిద్దాం. కోతలయ్యాక చేయిద్దాం."

"మావా, ఇది సైకిలు పంక్చరు కాదు గదా," అన్నాడు అల్లుడు.

"పన్నెండేళ్లు ఆగింది, నెల ఆగదా?"

వాదన ఇంకా సాగేదే. అన్నం తెచ్చిన అత్త అక్కడే నిలబడి వింటోంది. ఆమె గిన్నె కింద పెట్టి, ఆ నల్లపొడి తీసుకుని మావ అరచేతిలో పోసింది.

"పొద్దున్నే నా పక్కన కూర్చుని ఏరు దాటేవాళ్లకు ఇది చూపించి అడుగు. ఎక్కుతామంటే బిగించు," అంది.

మావ ఎవరినీ అడగలేదు. పడవ నెల రోజులు గట్టు మీదే ఉంది. కూలీలు వంతెన చుట్టు తిరిగి ఆటోల్లో పోయారు. ఆటో కిరాయి ఎక్కువ. ఇద్దరు ముగ్గురు మావ మీద విసుక్కున్నారు కూడా. ఆ నెల ఆదాయం పోయింది. పలక ఖర్చు మీద పడింది. ఇక్కడ నష్టం లేదని ఎవరూ చెప్పలేరు. కూలి పని చేసే ఇంట్లో నెల అంటే నెలే.

మరి అంత భయం అక్కర్లేదా? 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర, పవిత్ర సంగమం చోట ఇదే కృష్ణలో పడవ తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే బోటు మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ బోటును అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయారు. ఈ రెండు ప్రమాదాలూ పలక పుచ్చినందువల్ల జరిగినవి కావు. కాని ఏటి మధ్యలో అదుపు తప్పిన పడవకు రెండో అవకాశం ఉండదని వాటిని చూసినవారికి తెలుసు. మనుషులు లేని పడవ కూడా ప్రమాదమే. 2024 సెప్టెంబరు 1న కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. ఆ వరదలో కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్ల దగ్గరికి వచ్చి గుద్దుకున్నాయి. వాటిని తీయడానికి ఎన్నో రోజులు పట్టింది.

పలక పని ఎలా జరిగిందో క్లుప్తంగా చెప్పుకుందాం. లోపలి ఫైబరు పొర కోశారు. చివికిన చెక్కనంతా గీకి తీశారు. గట్టి చెక్క తగిలేదాకా తీశారు. ఎండలో ఆరబెట్టారు. కొత్త మెరైన్ ప్లైవుడ్డు కోసి, రెజిన్ పూసి, పట్టీలతో బిగించారు. దాని మీద ఫైబరు గుడ్డ, మళ్లీ రెజిన్. తొందరపడకుండా ఆరనిచ్చారు. రెజిన్ వాసన ముక్కుకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలి ఆడే చోట, ముక్కుకు కట్టుకుని చేయాలి.

తర్వాత మధ్య గీత పట్టడం. ఇది తాపీ మేస్త్రీలకు తెలిసిన పనే. పడవ ముక్కు నడిమి నుంచి దారం లాగి వెనక పలక దాకా తెచ్చారు. పలక రెండు అంచుల నుంచి దారం దాకా కొలిచారు. రెండు కొలతలూ సమానమయ్యేదాకా దారం జరిపారు. అక్కడ గీత గీశారు. రెండోసారి మావ కొలిచాడు. టేపు మీద అంకెలు ఆయనే చదివాడు. ఒక పక్క పావు అంగుళం తేడా వచ్చింది. దారం మళ్లీ జరిపారు.

కొత్త బెజ్జాలు వేశారు. ప్రతి బెజ్జం లోపలా రెజిన్ పూశారు. బోల్టుకు సీలెంటు పూసి దించారు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. లోపలి వైపు వెడల్పాటి వాషర్లు, అదిరినా వదులు కాని లాక్ నట్లు. మామూలు ఇనుప బోల్టు చవకే. రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది.

ఇప్పుడు నాలుగు విధాలా మళ్లీ చూశారు. ఎక్కడా తగల్లేదు. గొట్టాలు పదునైన అంచులకు రాసుకోకుండా, మెలిక పడకుండా, బ్యాటరీకి దూరంగా లాగారు. మోటారు తిరగడానికి కొంచెం వదులు ఉంచారు.

ఇక నూనె పోయడం. ఇది ఇద్దరు చేయాల్సిన పని. డీజిలు ఇంజనుకు ఎయిర్ పట్టడం రైతులందరికీ తెలుసు. గొట్టంలో గాలి ఉంటే ఇంజను పలకదు. ఎయిర్ తీస్తేనే పలుకుతుంది. ఇక్కడా అంతే. నూనె కుంచించుకుపోదు గాని, గాలి కుంచించుకుపోతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే చక్రం తిప్పిన బలమంతా ఆ బుడగను నొక్కడానికే పోతుంది. చక్రం తిరుగుతుంది, మోటారు తిరగదు. మావ ముందు కూర్చుని పంపులో నూనె తగ్గకుండా పోస్తూ చక్రం తిప్పాడు. అల్లుడు వెనక సిలిండరు మీది చిన్న మర వదులు చేసి సన్న గొట్టం పెట్టి సీసాలోకి వదిలాడు. బుస్సుమని బుడగలతో నూనె వచ్చింది. బుడగలు ఆగి స్వచ్ఛమైన నూనె వచ్చాక మర బిగించాడు. తర్వాత రెండో వైపు.

సామాను అమ్మిన కంపెనీ ఏ నూనె చెబితే అదే పోయాలి. షెడ్డులో బ్రేక్ ఆయిల్ ఉంది కదా అని పోయకూడదు. అది లోపలి రబ్బరు సీళ్లను తినేస్తుంది. నెలకే నూనె కారడం మొదలవుతుంది.

మొదటిరోజు ఖాళీ పడవనే దించారు. ఒడ్డు పక్కనే తిప్పారు. చక్రం మెత్తగా తగిలింది. ఒక చుట్టు తిప్పినా ముక్కు కదల్లేదు. గాలి ఇంకా మిగిలి ఉంది. మళ్లీ ఒడ్డుకు తెచ్చి ఎయిర్ తీశారు. రెండోసారి బిగువుగా పలికింది. మెల్లగా వంపులు తిప్పారు. తర్వాత కొంచెం వేగంగా. పంకా గాలి తాగలేదు. తర్వాత ఇసుక బస్తాలు వేసి, మనుషులెంత బరువో అంత బరువుతో తిప్పారు. ఆ పని మరవకూడదు. ఖాళీ పడవ ఒక రకం, నిండు పడవ ఒక రకం.

కాగితం పని కూడా ఒకటి ఉంది. లోతట్టు నీళ్లలో యంత్రంతో నడిచే పడవలకు 2021లో కేంద్రం కొత్త చట్టం చేసింది. దాని పేరు ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. పడవను రిజిస్టరు చేయించాలి, తనిఖీ చేయించాలి. మోటారు జరపడం, పలక మార్చడం లాంటి పెద్ద మార్పులు చేస్తే ఆ సంగతి అధికారులకు తెలపాలి. మావ దరఖాస్తు తనే రాసుకున్నాడు. రెండు తప్పులు పోయాయి. దిద్ది మళ్లీ రాశాడు.

కూలీలు ఎక్కిన మొదటి పొద్దు మావ లైఫ్ జాకెట్లు పంచాడు. ఎర్ర తాడు నడుముకు కట్టుకున్నాడు. ఇదివరకు వెనక కూర్చుంటే అందరి తలలే కనిపించేవి. ఇప్పుడు ముందు నిలబడితే ఏరంతా కనిపిస్తోంది. ఏటి మధ్యలో గాలి కొట్టింది. మావ కుడిచేయి అలవాటు కొద్దీ రెండుసార్లు వెనక్కి పోయింది, పిడి కోసం. ఒకావిడ చూసి నవ్వింది.

సాయంత్రం అందరూ దిగాక పంపు మూత తీసి చూస్తే నూనె ఒక గీత తగ్గి ఉంది. మావ గొట్టం వెంట గుడ్డతో తుడుచుకుంటూ వెనక్కి పోయాడు. సిలిండరు దగ్గర కుడివైపు నట్టు కింద గుడ్డకు తడి అంటింది. అల్లుడికి కబురు పెట్టాడు. అల్లుడు వచ్చి పానాతో అర చుట్టు బిగించాడు. నూనె పోసి, చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు తిప్పి, గుడ్డతో మళ్లీ తుడిచి చూశారు. తడి లేదు. మర్నాడు పొద్దున పడవ తీయబోయే ముందు ఇంకోసారి చూడాలని మావ పలక మీద సుద్దతో రాసుకున్నాడు.